వంత పాడటం అంటే ఏమిటి?
ఉద్దానం జముకు నుంచి జననాట్యమండలి వరకు ఒక బృందకళ పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• జముకుల కథ బృందంలో ఎవరి పని ఏమిటో వివరించగలుగుతారు.
• సుబ్బారావు పాణిగ్రాహి, వంగపండు ప్రసాదరావు, జననాట్యమండలి కృషిని కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• ఒక్కరి పేరుతో చెలామణీ అయ్యే పాటలో బృందం వాటా ఎంతో గుర్తించగలుగుతారు.
• మీ ఊరి పాటను విమర్శ దృష్టితో వినటం మొదలుపెట్టగలుగుతారు.

1. పరిచయం

ఇంతకుముందు పాఠాల్లో మీరు చదివిన విమర్శకు ఒక సౌకర్యం ఉంది. అక్కడ కవి ఒక్కడు, కావ్యం ఒక్కటి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అని అడిగితే సమాధానం దొరుకుతుంది. పాట దగ్గరికి వచ్చేసరికి ఈ సౌకర్యం పోతుంది. బాణీ ఒకరిది, మాట మరొకరిది, దరువు ఇంకొకరిది, గొంతు వేరొకరిది. వినేవాళ్లకు మాత్రం ఒక్క పేరే గుర్తుంటుంది. మిగిలినవాళ్ల పేర్లు ఏమయ్యాయన్నదే ఈ పాఠంలో మనం వేసుకునే ప్రశ్న.

ఈ ప్రశ్నను పరిశీలించటానికి శ్రీకాకుళం జిల్లా కంటే మంచి చోటు తెలుగునేల మీద అరుదు. పలాస, టెక్కలి పరిసరాల నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి దాకా సముద్రం పక్కన సాగే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేలను ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందని చెబుతారు. ఈ నేల మీద పుట్టిన ఒక పాట పద్ధతి అర్ధశతాబ్దంలో రాష్ట్రమంతా తిరిగింది, సినిమాకు ఎక్కింది, చివరికి పలాస పేరుతోనే తెర మీదికి వచ్చింది. ఆ ప్రయాణంలో అది సాధించినదీ పోగొట్టుకున్నదీ రెండూ ఉన్నాయి. రెండింటినీ లెక్క వేయటం విమర్శకుడి పని.

2. జముకు, కథకుడు, వంత

ముందుగా వాద్యాన్ని చూద్దాం. జముకు చూడటానికి చిన్న కుంచం లాంటిది. ఒక వైపు తోలు మూత ఉంటుంది. ఆ తోలు నడుమ నుంచి ఒక తీగ బయలుదేరి వాయించేవాడి చేతిలోని చిన్న పుల్ల దగ్గర ముగుస్తుంది. వాయించేవాడు తీగను బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. అంటే ఇది తాళం మాత్రమే వేసే వాద్యం కాదు. కథకుడి గొంతుతో పాటు తానూ రాగం తీస్తుంది, మూలుగుతుంది, దెప్పుతుంది.

బృందంలో సాధారణంగా ముగ్గురు ఉంటారు. కథ నడిపేవాడు ఒకడు. అతనికి వంతలు ఇద్దరు. కథకుడు ఒక చరణం ముగించగానే వంతలు అందుకుంటారు. అందుకోవటం అంటే అదే మాటను తిరిగి అనటం మాత్రమే కాదు. “ఆఁ, తరవాత?” అని తొందరపెడతారు. “అలా ఎందుకు చేసింది?” అని నిలదీస్తారు. నవ్విస్తారు. కోస్తా జిల్లాల్లో బుర్రకథ చూసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్త కాదు. అక్కడ కథకుడికి అటు రాజకీయ వంత, ఇటు హాస్య వంత ఉంటారు.

ఇక్కడ మన భాషలో జరిగిన ఒక వింతను గమనించండి. వాడుకలో ‘వంత పాడటం’ అంటే ఎదుటివాడు ఏమంటే దానికి తలాడించటం. కాని కథలో వంత పని దానికి దాదాపు వ్యతిరేకం. వంత అడ్డం పడకపోతే కథ సాగదు. వినేవాళ్ల అనుమానాలను వేదిక మీద పలికేది అతనే. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. ఈ పాఠంలోని విలువ కట్టే పని అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

సంప్రదాయ జముకుల కథల్లో గ్రామదేవతల కథలు, పేరంటాళ్ల కథలు ముఖ్యమైనవి. మామూలు ఇంటి ఆడమనిషి అకాలంగా చనిపోయి ఆ ఊరికి దేవత కావటం పేరంటాలు కథ సారం. వినేవాళ్లు ఆమె చావుకు ఏడుస్తారు, ఆ తరవాత దండం పెడతారు. ఏడుపు నుంచి దండానికి పోయే ఈ దారి ఉత్తరాంధ్ర శ్రోతకు తరతరాలుగా అలవాటైన దారి.

3. పాణిగ్రాహి మార్చినది, మార్చనిది

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళ ఉద్యమ చరిత్రలో అది మలుపు. ఆ కాలంలో పలాసకు దగ్గరలోని బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి అనే పూజారి ఉండేవారు. ఇంటి భాష ఒడియా, రాసినది తెలుగు. ఆయన జముకుల కథను తీసుకుని దానిలో కొత్త కథ పోశారు. దేవతల స్థానంలోకి రైతు, కూలీ, గిరిజనుడు వచ్చారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ఆయన చనిపోయారు. ఆ మరుసటి ఏడు, 1970 జూలై 4న, విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ సంఘం తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. ఉద్దానం పాట రాష్ట్ర సాహిత్య చర్చలోకి వచ్చిన సందర్భం ఇది.

పాణిగ్రాహి రాజకీయాలతో మీరు ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. పరీక్షలో దాని మీద మార్కులు ఉండవు. రూపం విషయంలో ఆయన ఏం చేశారన్నదే మన ప్రశ్న. నా అంచనాలో ఆయన చేసినవి రెండు పనులు.

మొదటిది: శ్రోతను కొత్తగా తయారు చేసుకోవలసిన అవసరం లేకుండా చేశారు. జముకు మోగితే జనం ఎలాగూ కూర్చుంటారు. ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు నిట్టూర్చాలో వాళ్లకు తెలుసు. అంతకుముందే 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథతో ఇదే పని చేసింది. నాజర్‌ గొంతుతో అది ఊరూరా మారుమోగింది. కాని బుర్రకథ ఉద్దానానికి పొరుగు కళ. జముకు ఇంటి కళ. ఇంటి వాద్యాన్ని ఎంచుకోవటంలోనే పాణిగ్రాహి విచక్షణ కనిపిస్తుంది.

రెండవది ఆయన ఉద్దేశించినదో కాదో చెప్పలేం గాని ఫలితం మాత్రం స్పష్టం. పేరంటాలు కథలోని ఏడుపు నుంచి దండానికి పోయే దారి అలాగే మిగిలిపోయింది. ఆ తరవాత వచ్చిన అమరుల పాటలు చూడండి. మామూలు ఇంటి మనిషి, అకాల మరణం, ఊరు ఏడవటం, చివరికి ఆ మనిషి జెండాలోనో నక్షత్రంలోనో కలిసిపోవటం. ఆ చట్రం పేరంటాలు కథదే. ఈ చట్రం బలం ఏమిటంటే, పేదవాడి చావుకు అది గౌరవం తెచ్చింది. పత్రికలో ఒక అంకెగా మిగలవలసిన మనిషి పాటలో పేరుతో నిలిచాడు. బలహీనత ఏమిటంటే, పేరంటాలు కథలో లాగే ఇక్కడ కూడా దండం పెట్టిన తరవాత ఎవరూ ప్రశ్న వేయరు. ఆ చావు తప్పనిసరా, ఇంకో దారి ఉందా అని అడగవలసిన వంత గొంతు సరిగ్గా అక్కడే మూగబోతుంది.

4. జననాట్యమండలి: గుంపు పెరిగింది, వంత తగ్గింది

1972లో జననాట్యమండలి రూపుదిద్దుకుంది. తెలంగాణ వైపు నుంచి గద్దర్‌, ఉత్తరాంధ్ర వైపు నుంచి వంగపండు ప్రసాదరావు దీనికి ప్రధాన గొంతులు. వంగపండు పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. మూడేళ్లకు, 2023 ఆగస్టు 6న, గద్దర్‌ కూడా వెళ్లిపోయారు.

వంగపండు సాధించినది ఒక్క మాటలో చెప్పాలంటే యాసకు గౌరవం. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అనే పాట పేరునే చూడండి. ‘వెళ్దాం వస్తావా’ అని రాస్తే అర్థం మారదు, కాని పాట చచ్చిపోతుంది. పదం మొదటి ‘వ’ జారిపోవటం ఈ ప్రాంతపు నోటి లక్షణం. ‘బేగి’, ‘గుంటడు’, ‘నాను’ లాంటి మాటల్లాగే అది కూడా బడిలో దిద్దించుకునే మాట. వంగపండు ఆ మాటను దిద్దకుండా ఉంచారు. ఫలితంగా శ్రీకాకుళం యాస రాష్ట్రమంతటి నాలుక మీదికి ఎక్కింది. 1986లో వచ్చిన ‘అర్ధరాత్రి స్వాతంత్య్రం’ చిత్రంలోనూ ఆ పాట వినిపించింది. వ్యవహారిక భాష కోసం వాదించిన గిడుగు రామమూర్తి ఈ జిల్లావారే అని మీకు తెలుసు. ఆయన వాదించిన దానిని వంగపండు పాడి చూపించారు.

ఇక బృందం సంగతి. జముకు ముగ్గురిది. జననాట్యమండలి వేదిక పెద్దది. డప్పు, గజ్జెలు, గొంగడి, వెనక బారుగా నిలబడిన గళాలు. వేలమంది కూర్చున్న మైదానానికి జముకు చాలదు, డప్పు కావాలి. ఈ మార్పు అవసరం నుంచి వచ్చినదే. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ముందు నిలబడిన నాయకుడు పాడతాడు, వెనక ఉన్నవాళ్లు పల్లవిని తిరిగి అంటారు. మధ్యలో అడ్డుపడి ‘అలా ఎందుకు?’ అని అడిగే వంత పోయాడు. అతని స్థానంలో ఔనని పలికే కోరస్‌ వచ్చింది. వాడుకలో మనం అనే ‘వంత పాడటం’ నిజంగా జరిగింది ఇక్కడ. గుంపు సంఖ్యలో పెరిగింది, పాత్రలో తగ్గింది.

దీనికి మినహాయింపు వంగపండు ‘భూమి భాగోతం’. పేరులోనే తూర్పు భాగోతం ఉంది. సత్యభామ జడ మీద, మద్దెల జోరు మీద నిలిచిన ఆ కళకు ఆయన భూమి సమస్యను అప్పగించారు. భాగోతం అంటేనే పాత్రలు ఒకరితో ఒకరు వాదులాడుకోవటం. కాబట్టి రూపమే అడ్డుమాటను తిరిగి తెచ్చింది. విడిపాటలో పోయిన వంత నృత్యనాటకంలో మళ్లీ బతికాడు. ఏ రూపాన్ని ఎంచుకుంటే ఏ గొంతుకు చోటు దొరుకుతుందో తెలుసుకోవటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

5. ఒక దూరపు పోలిక

బృందకళను విలువ కట్టటం మన సమస్య మాత్రమే కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌ బ్రాంక్స్‌ పేటలోని ఒక అపార్టుమెంటులో కూల్‌ హెర్క్‌ అనే యువకుడు రికార్డులు వేశాడు. పాటలో గొంతులు ఆగి దరువు మాత్రమే మోగే చిన్న ముక్కను రెండు రికార్డుల మీద మార్చి మార్చి వేసి పొడిగించాడు. హిప్‌హాప్‌ పుట్టుకగా ఆ రాత్రిని చెప్పుకుంటారు. జననాట్యమండలికి అది ఏడాది తరవాతి సంగతి. ఒకరి ప్రభావం ఒకరి మీద ఉందని పరీక్షలో రాయకండి, లేదు. పేదల పేటలో దొరికిన వాద్యంతో దొరికిన మాటను దరువు మీద పలకటం రెండు చోట్లా జరిగింది, అంతే.

ఆ తరవాత పాతికేళ్లకు అక్కడ సోల్‌క్వేరియన్స్‌ అనే బృందం వచ్చింది. డ్రమ్ములు వాయించే క్వెస్ట్‌లవ్‌, గాయకుడు డి'ఏంజెలో, దరువులు కట్టే జె డిల్లా, కీబోర్డు వాయించే జేమ్స్‌ పోయ్‌జర్‌ దాని మూలస్తంభాలు. నలుగురిదీ కుంభరాశి కావటంతో ఆ పేరు పుట్టింది. న్యూయార్క్‌లోని ఎలక్ట్రిక్‌ లేడీ స్టూడియోలో ఒకరి పాటకు ఒకరు పనిచేశారు. 1999లో ద రూట్స్‌ బృందం ‘థింగ్స్‌ ఫాల్‌ అపార్ట్‌’, 2000లో డి'ఏంజెలో ‘వూడూ’, కామన్‌ ‘లైక్‌ వాటర్‌ ఫర్‌ చాకొలెట్‌’, ఎరికా బాడు ‘మామాస్‌ గన్‌’ వచ్చాయి. అట్ట మీద ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు. లోపల దరువు మాత్రం ఒకే ఇంటిది. జె డిల్లా యంత్రం మీద కట్టినా దరువును యంత్రంలా సమానంగా ఉంచేవాడు కాదు. ఒక దెబ్బ కాస్త ముందు, ఒక దెబ్బ కాస్త వెనక. మనిషి చెయ్యి వాయించినట్టు. తీగ బిగించి వదిలే జముకు చెవికి పట్టినవాళ్లకు ఆ సంగతి వెంటనే అర్థమవుతుంది.

2000లో ఒక సంగీత పత్రికలో వాళ్లందరి సామూహిక ఛాయాచిత్రం అచ్చయింది. గుంపుకు పేరు పడింది. పేరు పడగానే ఇది ఎవరి గుంపు, నాయకుడెవరు అన్న చికాకు మొదలైంది. కొద్ది ఏళ్లలోనే ఎవరి దారి వారు చూసుకున్నారు. 2006లో జె డిల్లా చనిపోయాడు. అతను ఎంత పని చేశాడో లోకం ఆ తరవాతే ఎక్కువగా గుర్తించింది.

ఈ పోలిక నుంచి మనం తీసుకోవలసినది ఒకటి, వదిలేయవలసినది ఒకటి. ఆ రికార్డుల అట్టల మీద ఎవరు డ్రమ్ము, ఎవరు కీబోర్డు, ఎవరు దరువు అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అలవాటును తీసుకోవాలి. వాళ్లకు కంపెనీ డబ్బు, నెలల తరబడి స్టూడియో గది ఉన్నాయి. కూలికి పోయి రాత్రి పాడిన ఉద్దానం బృందాన్ని ఆ కొలతతో కొలవకూడదు.

6. పాట ఎవరిది?

2009లో వచ్చిన ‘మగధీర’ చిత్రంలోని ఒక పాటలో తన పల్లవిని వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పారు. అది పత్రికల్లో చర్చ అయింది. అప్పుడు కొందరు వేసిన ఎదురు ప్రశ్న మీకూ తట్టవచ్చు: జానపదుల బాణీలు తీసుకున్న కవికి తన పల్లవి మీద హక్కు ఎక్కడిది?

ఈ ప్రశ్న పైకి బరువుగా కనిపిస్తుంది, లోపల తేలిక. తీసుకోవటంలో రెండు రకాలు ఉన్నాయి. ఊరి బాణీని తీసుకుని కొత్త మాటతో మళ్లీ ఆ ఊరికే ఇచ్చేయటం ఒకటి. ఊరి నుంచి తీసుకుని, ఊరు టిక్కెట్టు కొంటే తప్ప వినలేని చోట పెట్టటం మరొకటి. మొదటిది అప్పు తీర్చటం. రెండవది అప్పు ఎగవేయటం. అయితే మొదటి రకంలో కూడా ఒక బాకీ మిగులుతుంది. బాణీ ఇచ్చిన నాట్లు వేసే ఆడవాళ్ల పేర్లు, జముకు వాయించిన కులాలవాళ్ల పేర్లు ఉద్యమ పాటల పుస్తకాల్లో కూడా వెతకవలసిందే. సమష్టి పేరుతో అచ్చయిన పాట చివరికి ముందు నిలబడి పాడినవాడి పేరుతోనే నిలిచింది. గద్దర్‌ గొంతులో విన్న శ్రోత వంగపండు పాటను గద్దర్‌ పాటే అనుకోవటం సహజం. వంగపండుకే అలా జరిగితే ఆయనకు బాణీ ఇచ్చిన మనిషి మాట చెప్పాలా?

2020 మార్చి 6న విడుదలైన ‘పలాస 1978’ ఈ విషయాన్ని కథగా తీసుకుంది. దర్శకుడు కరుణకుమార్‌, సంగీతం రఘు కుంచె. కథానాయకులైన అన్నదమ్ములు అణగారిన కులానికి చెందిన జానపద కళాకారుల ఇంటివాళ్లు. వాళ్ల ఆట అందరికీ కావాలి, వాళ్లు మాత్రం అక్కర్లేదు అన్న వైరుధ్యం సినిమా మొదటి భాగాన్ని నిలబెట్టింది. ఆ తరవాత కత్తులు వచ్చేసరికి పాట వెనక్కి పోయింది. చూసినవాళ్లలో చాలామందికి మిగిలినది ‘నక్కిలీసు గొలుసు’ పాట, దాని హుషారు. పాటగాళ్ల అవమానం గురించి తీసిన సినిమా నుంచి పాటను మాత్రమే ఇంటికి తీసుకుపోవటం ప్రేక్షకులుగా మన సంగతి కూడా చెబుతుంది.

7. మీరు చేయవలసిన పని

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరి నేలకొరిగింది. అంతకు చాలాముందు నుంచే ఇక్కడి ఇళ్లలో మూత్రపిండాల జబ్బు మనుషులను తీసుకుపోతోంది. ఈ రెండింటి మీదా పాడటానికి పేరంటాలు చట్రం ఒక్కటే చాలదు. చెట్టు పడిపోయిందని, మనిషి పోయాడని ఏడ్చి దండం పెడితే సరిపోదు. నీళ్లలో ఏముంది, పరిహారం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని అడ్డుపడే గొంతు కావాలి. అంటే వంత కావాలి. జముకుల కథ నేటికీ పనికివచ్చే కళ అని నేను అనటానికి కారణం పాతదన్న గౌరవం కాదు. ప్రశ్న అడిగే మనిషికి వేదిక మీద స్థిరమైన చోటు ఇచ్చిన కళ కావటం.

మీలో పలాస జీడిపప్పు బట్టీల్లో పనిచేస్తూ చదువుకునేవారు ఉండవచ్చు. టెక్కలిలో దుకాణం చూసుకుంటూ రాత్రి ఈ పుస్తకం తెరిచేవారు ఉండవచ్చు. మీ ఇంటి చుట్టుపక్కల ఇప్పటికీ పాడేవాళ్లు ఉన్నారు. గ్రంథాలయంలో దొరకని పాఠం వాళ్ల దగ్గర ఉంది. వెళ్లి వినండి. ఫోనులో రికార్డు చేసే ముందు అడగండి. వాళ్లు ఒప్పుకుంటే పాట కింద పాడినవారి పేరుతో పాటు వాయించినవారి పేరు, వంత పేరు, నేర్పినవారి పేరు రాయండి. ఆ నాలుగు పేర్లు రాయటంతోనే విమర్శ మొదలవుతుంది.

8. సారాంశం

జముకుల కథ ముగ్గురి కళ. అందులో వంత ఔనని పలికేవాడు కాదు, అడిగేవాడు. పాణిగ్రాహి ఈ రూపానికి కొత్త వస్తువు ఇచ్చారు, కాని పేరంటాలు కథ చట్రం అలాగే ఉండిపోయింది. జననాట్యమండలి పాటను పెద్ద మైదానానికి తీసుకుపోయింది. ఆ క్రమంలో వంత కోరస్‌గా మారాడు. ‘భూమి భాగోతం’లో వాదులాట తిరిగి వచ్చింది. వంగపండు యాసకు తెచ్చిన గౌరవం నిలిచి ఉంటుంది. బాణీ ఇచ్చినవాళ్ల పేర్ల బాకీ మాత్రం ఇంకా తీరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వాడుకలోని ‘వంత పాడటం’కూ, జముకుల కథలో వంత చేసే పనికీ తేడా ఏమిటి?
2. అమరుల పాటల్లో పేరంటాలు కథ చట్రం ఉందన్న అభిప్రాయాన్ని మీరు అంగీకరిస్తారా? కారణాలు రాయండి.
3. మీకు తెలిసిన ఒక పాటను ఎంచుకుని, అందులో కవి, బాణీ, వాద్యం, వంతల వాటా ఎంతో ఒక పుటలో వివరించండి.